సంఘం వార్షిక నివేదిక: కథల పుటలు మళ్లీ నిండిన ఏడాది

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి శ్రమ అనుకోకుండా విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని మన పర్లాకిమిడిలో ఈ తెలుగు సంఘం ఎందుకు పుట్టిందో మీకు మళ్లీ చెప్పనక్కరలేదు. నిరుటి సమావేశం తరువాత జరిగిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. ఉగాది కవి సమ్మేళనం ఎప్పటిలాగే జరిగింది. పాతపట్నం నుంచి, బరంపురం నుంచి కవులు సొంత ఖర్చులతో వచ్చారు, వారికి కృతజ్ఞతలు. బడిలో ఒడియా చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు వేసవిలో మూడు వారాలు అక్షరాలు, గుణింతాలు నేర్పించాం. మండుటెండలో రోజూ వచ్చి పాఠాలు చెప్పిన ఇద్దరు అక్కలకు సంఘం రుణపడి ఉంది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి జరిపాం.

ఇక ఈ ఏడాది అసలు పని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి. నిరుటి వార్షిక సంచికలో పద్యాలున్నాయి, వ్యాసాలున్నాయి, ఒక్క కథ కూడా లేదు. మన దగ్గర కథలు రాసేవారు లేక కాదు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు, "మొదలుపెట్టాను, ముందుకు సాగడం లేదు" అని. సంపాదకవర్గంలో కూర్చున్న నాకు ఆ మాట మనసులో ముల్లులా దిగబడిపోయింది. అందుకే దసరా వెళ్లాక ఒక శని, ఆదివారాలు కలం మొరాయించడం గురించే కార్యశాల పెట్టాం. మేడ మీది హాలు ఇచ్చి, రెండు రోజులూ భోజనాలు పెట్టిన సభ్యుల కుటుంబానికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. పేర్లు ఇచ్చినవారు 23 మంది. వచ్చినవారు 14 మంది.

ఈ అవస్థకు ఇంగ్లీషులో రైటర్స్ బ్లాక్ అనే పేరు 1940లలో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనోవిశ్లేషకుడి వల్ల వచ్చింది. ఆయన దాని మూలాలను మనసు లోతుల్లో వెతికారు. మాకు మాత్రం 1980లో మైక్ రోజ్ అనే అమెరికా పరిశోధకుడు రాసిన విషయం ఎక్కువగా పనికొచ్చింది. ఆయన పదిమంది విద్యార్థులను పరిశీలించారు. వారిలో ఐదుగురికి రాత ఆగిపోతూ ఉండేది, ఐదుగురికి సాగేది. తెలివిలో తేడా లేదు. ఆగిపోయేవారు కొన్ని నియమాలను శాసనాల్లా పట్టుకున్నారు. ప్రతి వాక్యమూ మొదటిసారికే తప్పు లేకుండా రావాలని ఒకరు, మొదటి పేరాలోనే పాఠకుణ్ణి కట్టిపడేయాలని మరొకరు. ఇది చదివి వినిపించినప్పుడు హాలులో సగం మంది తలలు వంచుకున్నారు.

మన ఊళ్లో ఈ నియమాలకు తోడు మరో భయం ఉంది. మన తెలుగులో ఒడియా మాటలు కలిసిపోయాయని, సరిహద్దు దాటి ఆంధ్రలో చదివేవారు నవ్వుతారని. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన సభ్యులొకరు తెచ్చిన నోటుపుస్తకాన్ని నేను స్వయంగా చూశాను. మొదటి పుటలో ఒకే వాక్యం. దాన్ని కొట్టివేసి, దాని కిందే మళ్లీ అదే వాక్యం, ఒక్క మాట మార్చి. ఒకచోట 'ధూమశకటం', ఒకచోట 'రైలుబండి', ఒకచోట 'చిన్న రైలు'. అలా ఏడు పుటలు. 1900లో నౌపడా నుంచి మన ఊరికి వచ్చి, తరువాత గుణుపురం దాకా సాగి, 2004లో ఆగిపోయిన ఆ నేరోగేజి బండి మీద ఆయన రాయదలచిన కథ మూడేళ్లుగా స్టేషను దాటలేదు.

పక్కనే కూర్చున్న ఒక అమ్మాయి, "బాబాయిగారూ, ఆ బండిలో ఎవరున్నారు?" అని అడిగింది. చింతపండు బుట్టతో ఎక్కే సవర తెగ ముసలమ్మ ఉందన్నారు. టిక్కెట్టు డబ్బులు ఎక్కడ దాచుకునేదని అడిగింది. కొంగు చివర మూడు ముళ్లు వేసేదని, ముడి విప్పడానికి పళ్లతో పట్టేదని, ఈలోగా బండి రెండు స్టేషన్లు దాటేదని ఆయన చెప్పుకుపోయారు. "ఇప్పుడు చెప్పారు కదా, అదే రాయండి" అంది ఆ అమ్మాయి. పది నిమిషాలు కలం ఎత్తకుండా, వెనక్కి చూడకుండా, ఏమీ తోచకపోతే 'ఏమీ తోచడం లేదు' అనైనా రాస్తూ పోయే అభ్యాసం హాలులో అప్పటికే మొదలైంది. ఇది 1973లో పీటర్ ఎల్బో అనే అధ్యాపకుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. గంట కొట్టాక చూస్తే ఆయన నోటుపుస్తకంలో రెండున్నర పుటలు నిండి ఉన్నాయి. మూడేళ్లు దిద్దిన వాక్యం అందులో ఎక్కడా లేదు. కథ కొంగుముడితో మొదలైంది.

దిద్దకుండా రాస్తే తప్పులతడక తయారవుతుందని పెద్దలొకరు అభ్యంతరం చెప్పారు. ఆ మాటను తోసిపుచ్చలేదు. దిద్దడానికి మరునాడు ఉదయమంతా కేటాయించాం. రాసే గంటనూ దిద్దే గంటనూ కలపవద్దన్నదే మా వాదన. ఈ ఊరి రాజావారి పాఠశాలలో చదువు చెప్పిన గిడుగువారు సవరలను ఇంటికి పిలిపించుకుని వారి భాష నేర్చుకున్నారు. జనం మాట్లాడే తెలుగు పుస్తకాలకు తగినదేనని జీవితమంతా పోరాడారు. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ మన నోటి మాటకు మనమే సిగ్గుపడితే ఎలా?

మరో సభ్యురాలికి మొదలు, ముగింపు తెలుసు, మధ్యలో దారి లేదు. కనబడుతున్న దృశ్యాన్నే ముందు రాయమన్నాం, అతుకులు తరువాత వేసుకోవచ్చు. తరువాత ఏం జరుగుతుందో తెలిసినచోటే ఆ రోజుకి ఆపమని అమెరికా రచయిత హెమింగ్వే చెప్పిన చిట్కా ఆమెకు బాగా నచ్చింది. తీరిక లేదన్నవారికి తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే నవలలు రాసిన ఆంథోనీ ట్రోలప్ గురించి చెప్పాం. ఆయన తెల్లవారుజామున గడియారం ఎదుట పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవారు. అందరికీ అంత వేగం అవసరం లేదు, వేళ తప్పకపోవడమే ముఖ్యం. ఇంట్లో ఆత్మీయులను పోగొట్టుకున్న ఒకావిడ మాత్రం రెండు రోజులూ ఊరికే కూర్చున్నారు. ఆమెను రాయమని ఎవరూ అడగలేదు. దుఃఖంతో ఆగిన కలాన్ని తొందరపెట్టకూడదు.

ఈ ఏడాది సంచికలో ఆరు కథలు వచ్చాయి. ఈ సంఘంలో నేను చేసిన పనుల్లో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే.

చెప్పక తప్పని మాట ఒకటుంది. కార్యశాల మొదలైన శనివారం ఉదయం కుర్చీలు వేయడానికి ఎనిమిది మంది వస్తామన్నారు. వచ్చింది ఒక్కరు. అధ్యక్షులు డెబ్బై ఏళ్ల వయసులో మేడమెట్ల మీదుగా కుర్చీలు మోశారు. రాలేనివారు ముందురోజు ఒక్క ఫోను చేసి ఉంటే మరొకరిని చూసుకునేవాళ్లం. అలాగే గ్రంథాలయానికి ఒక గది కోసం సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. ప్రతిసారీ పాత అర్జీ కనబడలేదని కొత్తది అడుగుతున్నారు. మన పుస్తకాలు ఇప్పటికీ నాలుగు ఇళ్లలో, గోనెసంచుల్లో ఉన్నాయి. ఒక సంచిలోకి వానాకాలంలో చెమ్మ చేరింది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు చదువుతారు. సంచిక ముద్రణలో వచ్చిన లోటును ఇద్దరు సభ్యులు భరించారు. చందా బాకీ ఉన్నవారు సభ ముగిసేలోగా చెల్లించి రసీదు తీసుకోవాలని మనవి.

అచ్చుతప్పులు దిద్దిన ఉపాధ్యాయులకు, ముఖచిత్రం వేసిన కొమ్ము బొమ్మల కళాకారుడికి, కార్యశాలకు నోటుపుస్తకాలు ఇచ్చిన దుకాణదారుకు, రెండు రోజులూ టీ అందించిన పిల్లలకు, మా ఆలస్యాలను ఓర్చుకున్న మా ఇళ్లవారికి పేరుపేరునా ధన్యవాదాలు.

ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు అదే మేడ మీద కథకులు కూర్చుంటున్నారు. నోటుపుస్తకం తెచ్చుకోండి. సగంలో ఆగిన కథ ఉంటే అదీ తెండి. కుర్చీలు వేయడానికి మూడున్నరకు రాగలిగినవారు ఈరోజే నా దగ్గర పేరు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి