రోడ్డు తవ్వకాలకు ఉమ్మడి క్యాలెండర్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కొత్తగా వేసిన రోడ్డును కొద్ది వారాలకే మరో సంస్థ తవ్వేయడంపై వార్తలు వచ్చినప్పుడల్లా కాంట్రాక్టర్లనో, కిందిస్థాయి సిబ్బందినో తప్పుపడుతున్నాం. అసలు లోపం శాఖల పనితీరును కొలిచే పద్ధతిలోనే ఉందని నా అభిప్రాయం. నగరంలో చాలా రోడ్ల నిర్వహణ జీహెచ్‌ఎంసీది, మంచినీటి, మురుగునీటి పైపులు 1989లో ఏర్పడిన జలమండలివి, విద్యుత్ కేబుళ్లు పంపిణీ సంస్థవి, ఫైబర్ తీగలు ప్రైవేటు కంపెనీలవి. ఎవరి టెండరు వారిది, ఎవరి గడువు వారిది. మార్చి 31లోగా నిధులు ఖర్చయ్యాయా లేదా అన్నదే గీటురాయి అయినప్పుడు, పక్క శాఖ పైపులు వేసేదాకా ఓపిక పట్టిన ఇంజినీరుకు మెప్పు దక్కకపోగా, నిధులు మురగబెట్టారన్న నింద మిగులుతుంది.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మంచినీటి సరఫరా సహా 18 అంశాలను పురపాలక సంస్థలకు అప్పగించవచ్చని చెప్పింది. పది లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న మహానగర ప్రాంతాలకు ప్రణాళికా సంఘం ఉండాలనీ, అందులో కనీసం మూడింట రెండొంతుల మంది స్థానిక ప్రజాప్రతినిధులు తమలోంచి ఎన్నుకున్నవారే కావాలనీ నిర్దేశించింది. శాఖలన్నీ ఒకేచోట కూర్చుని జవాబు చెప్పాల్సిన వేదిక అదే.

ఇతర వర్ధమాన దేశాలకూ ఈ చిక్కు ఉంది. రువాండాలో 2006 నుంచి జిల్లా మేయర్లు ఏటా సాధించే లక్ష్యాలపై దేశాధ్యక్షుడితో ఒప్పందం కుదుర్చుకుంటున్నారు. ‘ఇమిహిగో’ అనే ఈ పద్ధతిలో వాటి అమలును మదింపు చేస్తారు. పైవారిని మెప్పించే అంకెల వైపే అధికారులు మొగ్గుతారన్న విమర్శ దానిపైనా ఉంది. అందుకే లెక్క పైకి మాత్రమే కాక, బస్తీ ప్రజలకూ చెప్పాలి.

తవ్వేముందు కేబుళ్ల యజమానులను సంప్రదించేందుకు కేంద్రం 2023లో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. తీగలు తెగకుండా అది కాపాడగలదు కానీ, ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తేల్చదు. అది తేలాలంటే సర్కిళ్లవారీగా అన్ని సంస్థల పనులతో ఏడాదికొక ఉమ్మడి క్యాలెండర్ ఉండాలి. అందులో ప్రతి రోడ్డుకూ బాధ్యుడైన ఒక అధికారి పేరు రాసి, భూగర్భ పనులన్నీ పూర్తయ్యాయని ఆయన సంతకం చేశాకే తారు వేయనివ్వాలి. అత్యవసర మరమ్మతులకు మినహాయింపు తప్పదు, కానీ దానికీ కారణం నమోదు కావాలి. వేసిన రోడ్డు ఏడాదిలోపే మళ్లీ తవ్వాల్సివస్తే, ఆ వైఫల్యం సంబంధిత శాఖలన్నింటి అధికారుల వార్షిక మదింపులో ఉమ్మడిగా చేరాలి.

వచ్చే బడ్జెట్ కేటాయింపులకు ముందే ఈ క్యాలెండర్‌ను వార్డు కార్యాలయాల్లో తెలుగు, ఉర్దూ భాషల్లో ప్రదర్శించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్