రాగి అటుకులు ఎందుకు ఆపేశానంటే

మన కొట్టులో రాగి అటుకులు, జొన్న అటుకులు అమ్మడం ఆపేశాను. సరుకు దొరకక ఆపామని కొందరు అనుకుంటున్నారు. సరుకు బస్తాల కొద్దీ వచ్చింది. దాన్ని మీకు అమ్మడం ఇష్టం లేక తిప్పి పంపాను. ఏళ్ల తరబడి పిల్లల కోసం మా దగ్గరే కొంటున్న అమ్మలకు, అవ్వలకు అసలు సంగతి నేనే చెప్పాలి.

ధాన్యం మాది. నంద్యాల వైపు రైతుల దగ్గర కొని, రాళ్లు ఏరించి, కడిగి ఆరబెట్టి ఇస్తాం. అటుకులుగా ఒత్తే పని మాత్రం బయటి మిల్లుది. మిల్లుతో మా ఒప్పందం ఒక్కటే: ధాన్యం, నీళ్లు, ఆవిరి తప్ప అందులో మరేదీ పడకూడదు. ఉప్పు కూడా వద్దన్నాను. ఈ అటుకులు ఎక్కువగా ఏడాది నిండని పిల్లల పళ్లేల్లోకే వెళతాయని నాకు తెలుసు.

దసరా తర్వాత వచ్చిన సరుకుకు మెచ్చుకోళ్లు మొదలయ్యాయి. "ఈసారి భలే ఉన్నాయక్కా, మా పాప గిన్నె వదలడం లేదు" అని వెంకటరమణ కాలనీ నుంచి వచ్చే ఒకామె సంబరంగా చెప్పింది. ఆ మాటకు నాకు గుబులు పుట్టింది. ఉత్త రాగి అటుకులను పిల్లలు తింటారు గానీ, గిన్నె నాకేంత రుచి వాటికి ఎక్కడిది? ఆ రాత్రి ఒక పళ్లెంలో గుప్పెడు పోసి వంటింటి గట్టు మీద ఉంచాను. తెల్లారేసరికి పళ్లెం చుట్టూ చీమలు బారులు తీరాయి. నానబెట్టి వేళ్ల మధ్య నలిపి చూస్తే బంక బంకగా సాగింది. ఉత్త అటుకులు నలిపితే పిండిలా విడిపోవాలి.

మిల్లుకు ఫోను చేశాను. మిల్లు పెద్దాయన దాచలేదు. "బెల్లం నీళ్లు చల్లించానమ్మా, చక్కెర కాదు. రంగొస్తుంది, అటుకు విరగదు. నీ బేరం పెరుగుతుందనే చేశాను" అన్నాడు. మా నాన్నగారి కాలం నుంచి ఎరిగిన మనిషి. నన్నొక మాట అడగలేదు, చేశాక చెప్పనూ లేదు. పైగా మేలు చేశాననే అనుకుంటున్నాడు. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఆ కోపం తగ్గలేదు. ఆ ప్యాకెట్ మీద ఉన్నది ఆయన పేరు కాదు, మా పేరు.

బెల్లం మంచిదే కదా అని మీరూ అడుగుతారు. పెద్దల కోసం మా కొట్టులోనే బెల్లం అమ్ముతున్నాను, అందులో దాచేదేమీ లేదు. కానీ బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. ఖనిజాలు ఉన్నా, చంటిబిడ్డ తినే చెంచాడు బెల్లంలో వాటి లెక్క ఎంత? ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర ఎక్కువున్న తిండి పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పొద్దున్నే తీపి అలవాటైన నాలుకకు చప్పటి సంగటి ఎక్కదు. బెల్లానికి బదులు తేనె కలపవచ్చా అని అడిగేవారికి కూడా ఇక్కడే చెబుతున్నాను: ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల పసిపిల్లలకు బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. "బెల్లం కలిపామని ప్యాకెట్ మీద రాసి అమ్మితే తప్పేముంది?" అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయంగా చూస్తే తప్పు లేదు. కొట్టులో అన్నిటికన్నా ఎక్కువ పోయేవి ఆ అటుకులే. మిల్లుకు అడ్వాన్సు కూడా ఇచ్చి ఉన్నాను. రాయడానికి నిజంగానే సిద్ధపడ్డాను, కొత్త లేబుల్ నమూనా కూడా తెప్పించుకున్నాను. దాన్ని చేతిలో పట్టుకుని చూస్తుంటే మీ వంటిళ్లు గుర్తొచ్చాయి. ప్యాకెట్ ఇంటికి వెళ్లగానే చింపి స్టీలు డబ్బాలో పోస్తారు. లేబుల్ చెత్తబుట్టలోకి పోతుంది. మర్నాడు పొద్దున అవ్వ ఆ డబ్బాలోంచే తీసి మనవడి ముందు పెడుతుంది. ఆమె ఏ లేబుల్ చదవాలి? తన చేత్తో తానే తినే బిడ్డకు ఎంత తినాలో బిడ్డే చూసుకుంటాడు. ముందు ఏం పెట్టాలన్నది ఒక్కటే పెద్దల చేతిలో ఉంది. అందుకే లేబుల్ నమూనా చించేశాను. బస్తాలు తిరిగి వెళ్లాయి, అడ్వాన్సు ఇంకా రాలేదు. రాకపోయినా ఆ మిల్లు గడప తొక్కను.

ప్యాకెట్ మీద పాప బొమ్మ వేయరెందుకని కూడా కొందరు అడుగుతుంటారు. మావి ఇంటిల్లిపాదీ తినే ధాన్యాలు, పిల్లల ఆహారంగా అమ్మేవి కావు. రెండేళ్ల లోపు పిల్లల ఆహారాన్ని ప్రచారం చేసి అమ్మకూడదని 1992లో వచ్చి, 2003లో సవరించిన చట్టం చెబుతోంది. ఆ చట్టం నాకు ఇష్టమే.

అటుకులు లేని ఈ రోజుల్లో బయట కొనేవారు ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి రెండు మూడు పేర్లలో చక్కెర, బెల్లం, గ్లూకోజ్ సిరప్, ఖర్జూర పాకం, మాల్ట్ సారం కనిపిస్తే అక్కడే పెట్టేయండి. పిండి పదార్థం నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పొడిని పోషకాల పట్టికలోని చక్కెర గడిలో చూపకపోయినా అది ఒంట్లోకి వెళ్లాక గ్లూకోజుగానే మారుతుంది. "తక్కువ చక్కెర" అని రాయాలంటే వంద గ్రాములకు 5 గ్రాములు మించకూడదన్నది మన దేశంలో నిబంధన. ముందున్న పెద్ద అక్షరాలను కాదు, వెనుక ఉన్న జాబితానూ ఆ గడినీ కలిపి చూసి నమ్మండి.

అటుకులే కావాలని పట్టుబట్టకండి, మన సీమలో సంగటి ఉంది. ఉప్పు వేయకుండా, అన్నం బాగా మెత్తగా ఉడికించి, రాగి పిండి కలిపి మళ్లీ బాగా ఉడికించి, చల్లారాక వేలెడంత పొడవుగా ఒత్తి పెడితే ఆరేడు నెలల బిడ్డ పిడికిట పట్టుకుంటాడు. తొమ్మిదో నెల దాటి బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టడం వచ్చాక చిన్న ముక్కలుగా చేయండి. ఏదైనా సరే, మీ రెండు వేళ్ల మధ్య నొక్కితే సులువుగా నలగాలి. జొన్న పేలాలు మాత్రం చిన్నపిల్లలకు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి. ఉగ్గాని వంటకానికి కొన్న బొరుగులు కూడా వద్దు, వాటిలో చాలావరకు ఉప్పు ఉంటుంది. బిడ్డ తింటున్నంతసేపు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చోండి.

మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన రాగి పిండి ఎప్పటిలాగే దొరుకుతుంది. దాన్ని మా ఇంట్లోనే, మా కళ్ల ముందే చేస్తాం. అటుకులు ఒత్తే చిన్న యంత్రం ఒకటి బేరమాడుతున్నాను. అది వచ్చాక ధర కొంచెం పెరుగుతుంది, ఇప్పుడే చెబుతున్నాను. మరో మిల్లుకు ఇవ్వమని చాలామంది సలహా ఇచ్చారు. ఇవ్వను.

దసరా తర్వాత కొన్న ప్యాకెట్లు మీ ఇంట్లో ఉంటే తీసుకురండి. సగం తిన్నవైనా, డబ్బాలో పోసినవైనా సరే, పూర్తి డబ్బు ఇస్తాను. బిల్లు అక్కర్లేదు, మీ ముఖాలన్నీ నాకు తెలుసు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత కొట్టు ఉండదు.