కార్మిక శాఖ మంత్రి గారికి: నా చెమట చూసి నన్ను దొంగను చేశారు

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీకు ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడూ సోమవారం క్యూలో నిలబడి ఇచ్చిన అర్జీలు. మూడింటికీ ఫోన్‌కు ఒకటే మెసేజ్: "మీ అర్జీ పరిష్కరించబడింది." నాకు తెలియకుండానే నా కష్టం తీరిపోయిందేమోనని కొన్నాళ్లు ఎదురు చూశాను కూడా. తీరలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఉద్యోగానికి వచ్చినవాళ్లను లై డిటెక్టర్, అంటే అబద్ధాలు పట్టే మిషన్, ముందు కూర్చోబెడుతున్న సంగతి మూడుసార్లు రాశాను కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పను. నాకేం జరిగిందో మాత్రం చెబుతాను. దాన్ని ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ చివరిదాకా వినలేదు.

పదకొండేళ్లు బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూశాను. రాత్రి షట్టర్ దించేటప్పుడు లెక్కలో వంద తగ్గితే నా పర్సులోంచి వేసిన రోజులున్నాయి. షాపు డబ్బు నా పర్సులోకి వచ్చిన రోజు లేదు. ఆ షాపు మూతపడ్డాక ఒక నగల షోరూముకు వెళ్లాను. రెండు రౌండ్ల ఇంటర్వ్యూ అయింది, జీతం మాట్లాడుకున్నాం, యూనిఫామ్ చీర మీదికి జాకెట్ కొలతలు కూడా తీసుకున్నారు. ఆ తర్వాత "చిన్న ఫార్మాలిటీ ఉందమ్మా" అని లోపలి గదిలోకి పంపారు.

ఆ చిన్న ఫార్మాలిటీకి రెండున్నర గంటలు పట్టింది. బీపీ చూసే పట్టీ జబ్బకు చుట్టి గాలి కొట్టి అలాగే ఉంచేశారు. చెయ్యి మొద్దుబారిపోయింది. ఛాతీకి ఒక గొట్టం, పొట్టకు ఒక గొట్టం. చుట్టింది మగమనిషి, గదిలో ఇంకో ఆడమనిషి లేదు. రెండు వేళ్లకు క్లిప్పులు. కదలొద్దు, దగ్గొద్దు అన్నాడు. "మీ పేరు ఇదేనా", "ఈరోజు మంగళవారమేనా" అని అడుగుతూ అడుగుతూ, అదే గొంతుతో "పాత షాపులో ఏమైనా తీశారా" అన్నాడు. లేదన్నాను. అన్న మరుక్షణం గుర్తొచ్చింది. మా చిన్నదాని స్కూల్ ప్రాజెక్టుకు షాపులోంచి ఒక ఖాళీ అట్టపెట్టె, నాలుగు గుండుసూదులు తెచ్చాను. గుండె దడదడలాడింది. ఆ దడంతా కంప్యూటర్ మీద గీతలై ఎక్కింది. "ఇంట్లో అప్పులున్నాయా?" ఉన్నాయి సార్, మా ఆయన ఆపరేషన్‌కు చేసినవి. "ఆయన తాగుతారా?" దీనికీ గాజులు అమ్మడానికీ సంబంధమేంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నాలుగో రోజు ఫోన్ చేశారు. "క్లియర్ కాలేదమ్మా." రిపోర్టు ఇవ్వండంటే కంపెనీ కాన్ఫిడెన్షియల్ అన్నారు. గుండె నాది, ఊపిరి నాది, చెమట నాది, కాన్ఫిడెన్షియల్ మాత్రం వాళ్లది.

మా ఊళ్లో నగల బజారంటే రెండు వీధులు. వారం తిరక్కుండానే ఇంకో షాపులో "అక్కడ మిషన్ పట్టేసిందట కదా" అని నవ్వుతూ అడిగారు. మా ఆడపడుచు నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. కానీ పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు నగల సంచి నా ఒళ్లో పెట్టి కూర్చునే మనిషి, మొన్నటి పెళ్లిలో దాన్ని బాత్రూముకు కూడా వెంట తీసుకెళ్లింది.

మీ శాఖ ఆఫీసుకు వెళితే, "మీరింకా ఉద్యోగంలో చేరలేదు, మా పరిధిలోకి రారు" అన్నారు. పోలీస్ స్టేషన్‌లో "సంతకం పెట్టారుగా" అన్నారు. పెట్టాను సార్. ఇంగ్లీషులో రెండు పేజీలు. నా ఇష్టపూర్వకంగానే అని చివర్లో ఉందట. పెట్టకపోతే ఏమవుతుందని అడిగితే, బయట ఇంకా ఆరుగురు కూర్చున్నారని చెప్పారు. ఇష్టమంటే అదేనా?

2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మీకు నేను చెప్పాలా? ఇష్టం లేకుండా ఎవరికీ పాలిగ్రాఫ్, అంటే ఈ లై డిటెక్టర్ టెస్టు, చేయకూడదంది. జాతీయ మానవ హక్కుల సంఘం 2000లోనే ఇచ్చిన మార్గదర్శకాలను పాటించమంది. అంటే హత్య కేసులో ముద్దాయికైనా లాయరు ఉండాలి, అతని ఒప్పుదలను మేజిస్ట్రేటు ముందు రాసుకోవాలి. నాకు లాయరు లేడు, మేజిస్ట్రేటు లేడు. నేను చేసిన నేరం ఉద్యోగం అడగడం. అది పోలీసు దర్యాప్తుల గురించిన తీర్పు, ప్రైవేటు షాపుకు వర్తించదని మీ ఆఫీసులోనే ఒకాయన చెప్పారు. సరే, మరి షాపుకు వర్తించేది ఏదో అదీ చెప్పండి.

అమెరికాలో ఉన్న మా పిన్ని కొడుకు వాళ్ల ఆఫీసులో గోడకు అంటించిన పోస్టర్ ఫోటో పంపాడు. లై డిటెక్టర్ పెట్టి ఉద్యోగాలివ్వడం ప్రైవేటు కంపెనీల్లో చాలావాటికి నిషేధమని 1988లోనే చట్టం చేసి, ఆ సంగతి పనిచేసే చోట అందరికీ కనబడేలా అంటించాలన్నారట. సెక్యూరిటీ కంపెనీల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి, ప్రభుత్వం తనను తాను ఎలాగూ తప్పించుకుంది. అయినా మామూలు షాపులో పనికి వెళ్లే మనిషికి ఆ కాగితం ఒక అండ. అక్కడి సైన్స్ అకాడమీ 2003లో ఒక లెక్క వేసి చూపించింది. పదివేల మందిలో పదిమంది గూఢచారులున్నారనుకుంటే, అందులో ఎనిమిది మందిని ఈ మిషన్‌తో పట్టుకోవాలంటే ఏ పాపం ఎరగని దాదాపు 1,600 మంది మీద కూడా ముద్ర పడుతుందట. ఆ 1,600 మందిలో నేనొకదాన్ని. ఇంకోపక్క అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఉండి రష్యావాళ్లకు రహస్యాలు అమ్మిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, 1991లో రెండుసార్లూ ఈ టెస్టు పాసయ్యాడు. బహుశా అతని చిన్నప్పటి గుండుసూదులు అతనికి గుర్తు రాలేదేమో.

నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇకపై అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలన్నారు, సంతోషం. ఆ లెటర్‌కూ మాకూ మధ్య ఈ కుర్చీ ఉంది. దీన్ని ఆపించండి. ఒకేసారి ఆపలేమంటారా, కనీసం నా రిపోర్టు నా చేతికి ఇప్పించండి. మగమనిషి ఒక్కడే ఉన్న గదిలో ఆడవాళ్లకు పట్టీలు కట్టొద్దని చెప్పండి. నేను దొంగను కానని ఎవరైనా ఒక కాగితం రాసివ్వండి. ఎవరివ్వాలో నాకు తెలియదు, మీకు తెలిసే ఉంటుంది. ఆపించండి సార్.

వచ్చే బుధవారం పదకొండు గంటలకు నన్ను ఇంకో చోట ఇంటర్వ్యూకు రమ్మన్నారు. అక్కడా "చిన్న ఫార్మాలిటీ" ఉందట. ఆ ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టమంటారా, వద్దంటారా? మంగళవారం సాయంత్రం లోపు చెబితే చాలు. పరిష్కరించబడింది అని మాత్రం మెసేజ్ పెట్టకండి.

ఇట్లు,
మూడు అర్జీల సేల్స్ ఉద్యోగిని