ఖాళీ వకాల్తాలతో వార్డుల్లో తిరిగేవాళ్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

కూర్మన్నపాలెం దగ్గర హైవే మీద మా తమ్ముడి బైకును లారీ గుద్దేసింది. వాడు వెల్డర్. కుడి మణికట్టు నుజ్జయింది. ఆపరేషనైన రెండో రోజు పొద్దున్న, మరదలు మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లింది, నేను టిఫిన్‌కి వెళ్లాను. ఇడ్లీ పొట్లంతో తిరిగొచ్చేసరికి తమ్ముడి ఎడమ బొటనవేలికి నీలం ఇంకు, దుప్పటి మీద మరక. పక్కన స్టాంపు ప్యాడుతో ఒకాయన నిలబడి ఉన్నాడు. మంచం మీదున్నవి వకాల్తా కాగితాలు, అంటే కేసు ఫలానా లాయరుకి అప్పగిస్తున్నామని సంతకం చేసేవి. లాయరు పేరు రాయాల్సిన చోటు ఖాళీ.

మీరు లాయరా అంటే "సార్ దగ్గర చేస్తానండి" అన్నాడు. ఏ సారో చెప్పడు. పైసా ఖర్చుండదట, వచ్చిన పరిహారంలో ముప్పై శాతం ఇస్తే చాలట. కాగితాలు చింపేశాను. ఆయన కొంచెం కూడా నొచ్చుకోలేదు, పక్క మంచం దగ్గరికి వెళ్లాడు. అక్కడున్న ముసలాయనకి తోడుగా ఎవరూ లేరు.

లాయర్లంతా ఇంతేనని నేననడం లేదు. కానీ కేసు కోసం లాయరు మనుషుల్ని పంపకూడదు. వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోకూడదు. రెండూ లాయర్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఈ సంగతి వార్డులో ఎవరికి తెలుసు? పైగా "లేటైతే కేసు పోతుంది" అని టెన్షన్ పెడతారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణలో పరిహారం పిటిషన్‌కి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టిన మాట నిజమే. ఆ గడువు మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్నా, దాన్నే లెక్కలో పెట్టుకోవడం మంచిది. అయినా ఆరు నెలలంటే ఆపరేషన్ మర్నాడే వేలిముద్ర వేయాల్సినంత తొందరేం లేదు కదా.

తర్వాత మేం ముగ్గురు లాయర్లను కలిశాం. ఒకాయన కూర్చోగానే "పాతిక లక్షలు ఖాయం" అన్నారు. ఇంకొకరికి ఫోన్లతోనే సరిపోయింది. మూడో ఆవిడ ఎఫ్ఐఆర్ చదివి, లారీకి ఇన్సూరెన్స్ ఉందా, డ్రైవరు లైసెన్సు సంగతేంటి అని అడిగి, చివర్లో "ఏ చేత్తో వెల్డింగ్ చేస్తాడు?" అన్నారు. ఆ ప్రశ్న విన్నాక కేసు ఆవిడకే ఇచ్చాం. ఫీజు ఎంతో కాగితం మీద రాసిచ్చారు.

ఆ ప్రశ్న ఎందుకో ఆవిడే చెప్పారు. తమ్ముడికి 38 ఏళ్లు, నెలకి 18 వేలు వచ్చేవి. ఆ వయసుకి సుప్రీంకోర్టు తీర్పుల ప్రకారం ఏడాది సంపాదనను 15తో హెచ్చిస్తారు, అంటే 32 లక్షల 40 వేలు. డాక్టర్లు చేతికి 35 శాతం వైకల్యం రాస్తే, ఆ లెక్కన 11 లక్షల 34 వేలు. కానీ కుడిచెయ్యి పట్టు లేని వెల్డరుకి పోయేది 35 శాతమేనా? పని చేయగల శక్తి ఎంత పోయిందో చూడాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది 60 శాతమని నిరూపిస్తే అంకె 19 లక్షలు దాటుతుంది. ఖాళీ వకాల్తా మీద తర్వాత ఎవరి పేరో రాసేవాళ్లకి ఇంత ఓపిక ఉంటుందా?

పరిహారం నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాల్లోనే వేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి నాదొక విన్నపం. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఉచితంగా లాయరును పెట్టే సంస్థ మన ఊళ్లోనే ఉందని వార్డులో నేను అడిగిన నలుగురిలో ఒక్కరికీ తెలీదు. సంస్థకి పారా లీగల్ వలంటీర్లు, అంటే న్యాయ సహాయం గురించి జనానికి చెప్పే శిక్షణ పొందిన కార్యకర్తలు ఉన్నారు కదా, రోజూ ఒక గంట ఎముకల వార్డులకి పంపండి. ఆస్పత్రుల వాళ్లు క్యాజువాలిటీ గేటు పక్కన 15100 న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబరుతో పెద్ద తెలుగు అక్షరాల బోర్డు పెట్టించాలి. స్టాంపు ప్యాడుతో వచ్చేవాళ్లని లోపలికి రానివ్వొద్దని సెక్యూరిటీకి చెప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం.