ఆ ఖాళీ కుర్చీ గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సోమవారం ఉదయం అసెంబ్లీలో వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ వేసి, దానికి బంతిపూల దండ వేశాం. సాయంత్రానికల్లా మీ వాట్సాప్ గ్రూపులన్నిటా ఆ ఫోటో తిరిగింది. గ్రహణం విడిచిన మర్నాడు, మహాలయ పక్షం మొదలైన రోజున, పిల్లల ముందు ఈ అపశకునం ఏమిటని చాలామంది ఫోను చేశారు. మీ ఆందోళన అర్థం చేసుకోగలను. కాని ఆ కుర్చీ ఎవరిదని అడిగినవారు ఇద్దరే. అందుకే అందరికీ రాస్తున్నాను.

అది స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య గారిది. కర్ణాటకలోని కొడగు ప్రాంతం వారు. 1965 సెప్టెంబరు 7న, అంటే సరిగ్గా అరవై ఏళ్ల కిందట, మన వాయుసేన పాకిస్థాన్‌లోని సర్గోధా స్థావరం మీద దాడికి వెళ్లింది. ఆ దళంలో ఆయన అదనపు పైలట్. ఎవరైనా ఆగిపోతేనే ఆయన వంతు. ఆ వంతు వచ్చింది, ఆదంపూర్ నుంచి మిస్టేర్ విమానంలో వెళ్లారు. ధ్వనికి రెండింతల వేగంతో ఎగరగల పాకిస్థాన్ యుద్ధ విమానం స్టార్‌ఫైటర్ ఒకటి ఆయనకు ఎదురుపడింది. మిస్టేర్‌కు అందులో సగం వేగమూ లేదు. అయినా దేవయ్య గారు తలపడి దాన్ని కూల్చారు. అవతలి పైలట్ పారాచూట్‌తో దిగి బతికారు. దేవయ్య గారు మాత్రం తిరిగి రాలేదు. ఆ పోరు చూసినవారు మనవైపు ఎవరూ లేరు. ఆచూకీ తెలియనివారిలో ఆయన పేరు రాసుకున్నారు, అంతే.

1979లో ఒక బ్రిటిష్ రచయిత పాకిస్థాన్ వైపు నుంచి ఆ యుద్ధాన్ని రాసినప్పుడు గాని ఈ సంగతి బయటికి రాలేదు. యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చే మహావీర్ చక్ర ఆయనకు 1988లో వచ్చింది. అప్పటికి 23 ఏళ్లు గడిచాయి.

ఇది చెబుతుండగా ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "మేడం, పోయారో లేదో తెలియనప్పుడు ఇంట్లోవాళ్లు తద్దినం ఏ రోజు పెట్టారు?" అని అడిగింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థీ నన్ను అలా నిలబెట్టలేదు. ఆ పాప తల్లిదండ్రులకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. తిథి తెలియనివారి కోసమే కదా మన పెద్దలు మహాలయ అమావాస్యను ఉంచింది! అలాంటి పక్షంలో ఆ కుర్చీ అపశకునం ఎలా అవుతుందో దయచేసి మీరే చెప్పండి. 1971 యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ తాంబే గారి భార్య దమయంతి గారు జాతీయ బ్యాడ్మింటన్ చాంపియన్. 2007లో కూడా ఆమె భర్త కోసం పాకిస్థాన్ జైళ్లు చూసి వచ్చారు. ఆమెకు ఏ తిథి చెప్పగలం?

యూనిట్ పరీక్షలు ముగిశాయి, మార్కుల పత్రాలు శనివారం ఇస్తాం, మూడో నంబరు బస్సు వేళ మారింది, డైరీలో చూడండి.

ఇక శనివారపు జ్ఞాపకాల నోటు పుస్తకం. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకు రావాలన్నది పని. ఆ గంటలో ఐఐటీ ఫౌండేషన్ లెక్కలు చేయించవచ్చు కదా అని కొందరు అంటున్నారు. చేయించను. ఒక మనిషి చేసిన పని మరో మనిషి అడిగి రాసిపెట్టకపోతే ఎలా మరుగున పడుతుందో దేవయ్య గారి కథే చెబుతోంది. 1977 దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు మీ ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు. వాళ్లు ఉండగానే అడగాలి. ఏడో తరగతి అబ్బాయి ఒకడు ఆ రాత్రి గురించి నాయనమ్మ చెప్పింది నాలుగు పేజీలు రాశాడు. ఆమె దివిసీమ యాసను ఒక్క మాట కూడా మార్చలేదు. స్టాఫ్ రూములో చదువుతుంటే మా తెలుగు మాస్టారి కళ్లు తడిశాయి. నిరుడు బుడమేరు వరదలో సింగ్‌నగర్ డాబా మీద నిలబడి, హెలికాప్టర్ నుంచి పడిన ఆహార పొట్లం అందుకున్న ఆరో తరగతి పాప, ఆ తలుపు దగ్గర నిలబడిన మనిషి ముఖం కనిపించలేదని, పేరు కూడా తెలియదని రాసింది. ఆ పేజీ ఇప్పుడు గ్రంథాలయం గోడ మీద ఉంది. వచ్చి చదవండి.

అయితే పదకొండు నోటు పుస్తకాల్లో పెద్దవాళ్ల చేతిరాత ఉంది. మీ శ్రద్ధకు సంతోషం, కాని ఆ పని పిల్లలది. బీసెంట్ రోడ్డులో డబ్బులిచ్చి గీయించిన విమానాల చార్టులు కూడా పది వచ్చాయి. అవి అందంగానే ఉన్నాయి, అయినా వెనక్కి పంపుతున్నాను. రాత్రి పదకొండు దాకా ఫోను చూసి, టిఫిన్ తినకుండా వచ్చిన పిల్లలు సోమవారం ఎండలో ముగ్గురు కళ్లు తిరిగి పడిపోయారు. దానికి కారణం కుర్చీ కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

కుర్చీని గ్రంథాలయంలోకి మార్చాం. అమావాస్య వరకు, అంటే 21 దాకా అక్కడే ఉంటుంది. రోజుకో తరగతి పిల్లలు దండ మారుస్తున్నారు. రేపటి వంతు నాలుగో తరగతిది. పూలు మీ పెరటివైతే మరీ మంచిది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ