వినేవారు వేరు, ఎంపిక చేసేవారు వేరుగా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా అబ్బాయి వాలీబాల్ ఆడతాడు. రోజూ దింపేదీ, తీసుకొచ్చేదీ నేనే కాబట్టి కోర్టు పక్కన కూర్చుని చూస్తుంటాను. వాళ్ల జట్టులో ఒక కుర్రాడున్నాడు. గొంతు సన్నం, నడక కాస్త వేరు. స్మాషర్‌కి బంతి లేపి ఇవ్వడంలో వాడి తర్వాతే ఎవరైనా. ప్రాక్టీసు అయ్యాక అందరూ బట్టలు మార్చుకుని బయటికొచ్చేదాకా వాడు మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ, మళ్లీ కడుతూ ఉంటాడు. గది ఖాళీ అయ్యాకే లోపలికి వెళ్తాడు. ఎందుకో నాకు చాన్నాళ్లు అర్థం కాలేదు. ఒకరోజు లోపల్నుంచి కేకలు వినపడ్డాయి. వాడికో ఆడపేరు పెట్టారు. ఆ నవ్వుల్లో మావాడి గొంతూ ఉంది.

ఇంటికొచ్చి నిలదీస్తే, "సరదాకి నాన్నా, వాడూ నవ్వుతాడు" అన్నాడు. నవ్వక ఏం చేస్తాడు? ఎదురు తిరిగితే రేపట్నుంచి జట్టులో వాడితో మాట్లాడేవాళ్లుండరు. కోచ్‌కి చెప్పుకుందామంటే, సర్వీసు నెట్‌కి తగిలినప్పుడల్లా "ఆడపిల్లలా కొడతావేంరా" అని అరిచేది ఆయనే. (పక్క కోర్టులో ఆడే అమ్మాయిల్లో ఒకరి సర్వీసు మావాళ్లలో సగంమంది ఎత్తలేరు. అది వేరే సంగతి.)

పెద్ద స్థాయికి వెళ్తే ఇవన్నీ పోతాయనుకుంటాం. పోవు. 2021లో యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో పెనాల్టీ తప్పినప్పుడు ఇంగ్లండ్ ఆటగాడు బుకాయో సాకాకి 19 ఏళ్లు. ఆ ఒక్క తన్నుకి అతని ఒంటి రంగును పట్టుకుని తిట్టారు. మన దేశపు పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ని 2014లో కామన్వెల్త్ క్రీడల ముందు, ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఎక్కువుందని జట్టులోంచి తప్పించారు. ఆమె క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లి పోరాడితే, ఆడవాళ్ల ఒంట్లో ఆ హార్మోన్‌కి పరిమితి పెట్టిన నిబంధనను 2015లో నిలిపివేశారు. మహిళల విభాగంలో ఎవరు పోటీ పడాలన్నది నిజంగానే చిక్కు ప్రశ్న. నాకూ తేలని సందేహాలున్నాయి. అంతమాత్రాన పద్దెనిమిదేళ్ల పిల్ల ఆడదో కాదో దారిన పోయేవాళ్లంతా తేల్చడమేమిటి?

బ్రిటన్ ఫుట్‌బాలర్ జస్టిన్ ఫషాను తాను గే అని 1990లో చెప్పాడు. అక్కడ కెరీర్ మధ్యలో ఉండగా ఆ మాట బయటికి చెప్పిన తర్వాతి ప్రొఫెషనల్ పురుష ఆటగాడు జేక్ డేనియల్స్. అది 2022లో. అప్పటికి అతనికి 17 ఏళ్లు. మధ్యలో గడిచిన 32 ఏళ్లలో అక్కడ ఇంకో గే ఆటగాడే లేడంటే నేను నమ్మను. వాళ్లూ లేసులు కట్టుకుంటూ కూర్చుని ఉంటారు.

అకాడమీలు, క్రీడా సంఘాలు గోడకి పోస్టర్లు అంటిస్తాయి, ఏడాదికోసారి పిల్లలతో ప్రతిజ్ఞ చేయిస్తాయి. చేయించుకోనివ్వండి. నేను అడిగేది మాత్రం ఒక్కటే. పిల్లల ఫిర్యాదు వినే మనిషి, జట్టుని ఎంపిక చేసే మనిషి ఒకరే కాకూడదు. ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నంతకాలం ఏ పిల్లాడూ నోరు విప్పడు. "ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదండీ" అని వాళ్లు నిశ్చింతగా చెప్పుకుంటారు.

మావాడికి గట్టిగానే చెప్పాను. రెండ్రోజులు అలిగాడు, ఆ పేరుతో పిలవడం మానేశాడు. కోచ్‌తో నేను మాట్లాడతానంటే మాత్రం, "సెలక్షన్స్ అయ్యేదాకా ఆగు నాన్నా" అంటున్నాడు.

ఇట్లు,
ఒక వాలీబాల్ ఆటగాడి తండ్రి