పదకొండో క్లిక్కు వారికి

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళకా జవాబు అని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నాకు అలవాటే. క్షేమసమాచారాలు ఒక్క గుక్కలో చెప్పేస్తాను: పిల్లాడి జ్వరం తగ్గింది, నా జ్ఞానదంతం పీకేశారు, ఆఫీసులో కొత్త మేనేజరు, పాత గోల. అమ్మ నిన్ను అడిగింది. అయిపోయాయి. ఇక అసలు సంగతి.

కారు బుక్ చేశాను. నువ్వు వద్దన్న అడాప్టివ్ సస్పెన్షన్‌తోనే, అదే, రోడ్డును బట్టి షాకులు (షాక్ అబ్జార్బర్లు) తమంతట తామే గట్టిపడుతూ మెత్తబడుతూ ఉండే రకం.

ఇది చదివి నువ్వు పెట్టే మొహం నాకు ఇక్కడికి కనిపిస్తోంది. "షాకులకు కూడా కరెంటు కావాలట్రా, రేపు పాడైతే వైర్లు పట్టుకుని ఏడుస్తావా" అనేగా? ఆగు, మొత్తం చదివాక అను.

ఆ మధ్య మా ఆవిడ నుంచి చెల్లెమ్మకు "రేపు పొద్దున చస్తా" అని మెసేజ్ వచ్చి, మీరిద్దరూ హడలిపోయి ఫోన్ చేశారు చూడు. అసలు ఏమైందో నీకు ఇంతవరకూ చెప్పలేదు. ఆవిడ కొట్టబోయింది "రేపు పొద్దున ఫోన్ చేస్తా" అని. కొడుతున్నది టెస్ట్ డ్రైవ్ కారు వెనక సీట్లో. ఆ కారుకు ఉన్నది గట్టిదనం మారని స్పోర్ట్ సస్పెన్షన్, కాస్త కిందికి దించింది. నాకైతే స్టీరింగ్ తిప్పగానే ప్రాణం లేచొచ్చింది. నున్నటి రోడ్డు మీద అంత బాగుంది. అతుకుల రోడ్డు మొదలయ్యాక వెనక నుంచి "అబ్బా" అన్న మాట ఆగలేదు. దీర్ఘాలూ ఏత్వాలూ ఒక్కొక్కటే రాలిపోయి చివరికి మీ ఇంట్లో చావు కబురుగా దిగాయన్నమాట.

సరే, అదే కారు అడాప్టివ్‌తో చూద్దామన్నాను. సేల్స్ కుర్రాడు తెగ సంబరపడి టాప్ మోడల్ తెచ్చాడు, 19 అంగుళాల చక్రాలతో. అదే దారి, అదే వేగం, కంఫర్ట్ మోడ్. ఏముంది? మెసేజ్ మళ్ళీ అంతే! పెద్ద ఊపులు లేవు, కారు తేలికగానే పోతోంది, కానీ ప్రతి అతుకు దగ్గరా "టప్" మని సీట్లోకి వస్తోంది. అప్పుడు నువ్వే గెలిచావనుకున్నాను. ఆ రాత్రే నీకు రాసి ఉంటే ఈ ఉత్తరం మరోలా ఉండేది, నువ్వు ఫ్రేము కట్టించుకునేవాడివి కూడా.

కానీ ఒక్క విషయం తొలుస్తూనే ఉంది. ఆ "టప్" అన్నది అసలు షాకుల పనేనా? 19 అంగుళాల చక్రానికి టైరు పక్కగోడ బాగా పలచన. చిన్న పదునైన దెబ్బను మొదట మింగాల్సింది ఆ గోడే. దానికి మింగే చోటే లేకపోతే పైనున్న కంప్యూటర్ ఎంత తెలివైనదైనా ఏం చేస్తుంది? పైగా పెద్ద చక్రం సాధారణంగా బరువెక్కువ, బరువైనదాన్ని గుంతలోంచి లేపి మళ్ళీ నేలకు అదిమి పట్టడం ఇంకా కష్టం. అందుకని "అడాప్టివ్ ఉండాలి, చక్రాలు మాత్రం 18 అంగుళాలవి" అని పట్టుబట్టాను. కుర్రాడు "లుక్ పోతుంది సార్" అని నావంక జాలిగా చూశాడు. అలాంటి బండి దొరకడానికి కొంత కాలం పట్టింది, ఈ ఆలస్యంలో సగం దాని పుణ్యమే.

దొరికింది. అదే దారి. ఒరేయ్, మా ఆవిడ చెల్లెమ్మకు పంపిన ఆ పొడుగాటి మెసేజ్, పిల్లాడి స్కూలు పురాణం మొత్తం ఉన్నది, అది ఆ కార్లో కొట్టిందే. ఇప్పుడు తీసి చూడు, దీర్ఘాలు, కొమ్ములు ఎక్కడివక్కడే ఉంటాయి. దిగాక ఆవిడ అన్నది ఒకటే మాట: "ఇదేనా? ఇదైతే సరే."

అప్పటినుంచీ నాకు ఇదెలా పనిచేస్తుందా అన్న పిచ్చి పట్టుకుంది. కారు బాడీ మెల్లగా ఊగుతుంది, సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు. చక్రం మాత్రం సెకనుకు పది పదిహేను సార్లు అదురుతుంది. బాడీ ఊపును పట్టాలంటే షాకు గట్టిగా ఉండాలి. చక్రం గుంతలో దిగి లేవాలంటే మెత్తగా ఉండాలి. మామూలు షాకులో ఈ రెంటికీ ఫ్యాక్టరీలోనే ఒక రాజీ కుదిర్చి సీలు వేసేస్తారు. నీ షాకుల గట్టిదనాన్ని చేత్తో తిప్పి నువ్వు ఖాయం చేసుకున్న ఆ పదకొండో క్లిక్కు కూడా రాజీయేరా, కాకపోతే కారు కింద దూరి స్వహస్తాలతో కుదుర్చుకున్నది. (ఆ క్లిక్కుల లెక్కలు రాసుకునే నోటుబుక్కు దొరికిందా?)

వీటిలో చక్రాల దగ్గరా బాడీ మీదా సెన్సర్లుంటాయి. కంప్యూటర్ వాటిని చూసుకుంటూ ఒక్కో షాకులోని వాల్వుకు కరెంటు మారుస్తుంటుంది, అదీ కొన్ని మిల్లీసెకన్లలో. ఇంకో రకంలో వాల్వు ఏమీ కదలదు, నూనె గుణమే మారిపోతుంది. ఇనుప రజను కలిపిన నూనె అది, కాయిల్‌లో కరెంటు పారగానే రజను వరసలు కట్టి, నూనె ఉన్నపళంగా గట్టిపడినట్టవుతుంది. 2002లో కాడిలాక్ సెవిల్‌లో మొదట పెట్టారు, తర్వాత కార్వెట్, ఫెరారీ దాకా పోయింది. నాది వాల్వు రకం. "నిన్న మొన్న పుట్టిన సరుకు" అంటావేమో, టొయోటా 1983లోనే సోరర్‌లో ఎలక్ట్రానిక్ షాకులు పెట్టింది. దీని వెనకున్న లెక్క ఇంకా పాతది. కార్నాప్ అనే ఇంజనీరు, ఆయనతో ఇంకో ఇద్దరు కలిసి 1974లో "స్కైహుక్" అని రాశారు. కారు బాడీని ఆకాశానికి కొక్కెం వేసి వేలాడదీసినట్టు ఊహించుకుని, షాకులు అలా ప్రవర్తించేలా చెయ్యడం. ఎంత అందమైన ఊహ చూడు! మనకెవడూ కాలేజీలో ఇలా చెప్పలేదేం? చెప్పినా మనం ఆ క్లాసులో... సరేలే.

నీకు నచ్చే ముక్క ఇప్పుడు చెబుతాను. కుర్రాడు "స్పోర్ట్ నొక్కితే కారు ఒరగదు సార్" అన్నాడు. నేను ఊరుకుంటానా? గుండ్రంగా తిరిగే పొడుగాటి మలుపు ఒకటి ఉంటే, ఒకే వేగంతో ఒకసారి కంఫర్ట్‌లో, ఒకసారి స్పోర్ట్‌లో తిప్పాను. మలుపులోకి దిగేటప్పుడు తేడా స్పష్టంగా ఉంది, స్పోర్ట్‌లో ఒరగడం నిదానంగా, పొందికగా వస్తుంది. మలుపు మధ్యలో కుదురుకున్నాక మాత్రం రెండింట్లోనూ ఒరుగు ఒకటే! ఉంటుంది మరి. షాకు పని కదలిక ఉన్నంతసేపే. కదలిక ఆగాక బరువు మోసేది స్ప్రింగులూ, ఒరుగును అడ్డుకునే కడ్డీ యాంటీ రోల్ బారే, బటన్ నొక్కినంత మాత్రాన అవి మారవు. ఇది చెప్తే కుర్రాడు నన్ను అదోలా చూశాడు. నువ్వుంటే వాడికి నోటుబుక్కు తీసి పాఠం చెప్పేవాడివి.

మా మామగారేమో "స్పీడ్ బ్రేకర్ దగ్గర పైకి లేస్తుందటగా" అని అడిగారు. లేవదు మామగారూ, అది ఎయిర్ సస్పెన్షన్ పని అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నారు పాపం.

ఇంకోటి. టెస్ట్ డ్రైవ్‌లో చూస్తే, రోజూ నడపడానికి నాకు కుదిరేది ఇండివిడ్యువల్ మోడ్ అనిపించింది. ఇంజనూ స్టీరింగూ స్పోర్ట్‌లో, షాకులు కంఫర్ట్‌లో. గతుకుల మలుపుల్లో ఇలాగే వేగంగా పోగలిగాను, ఎందుకంటే టైరు ఎగిరెగిరి పడకుండా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. స్పోర్ట్ షాకులు నున్నటి రోడ్డు మీదే. నువ్వెప్పుడైనా ఇలాంటిది చూస్తే రెండు సంగతులు తప్పక అడుగు: షాకుల్ని మిగతావాటితో ముడిపెట్టకుండా విడిగా మార్చుకోనిస్తుందా, కారు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పెట్టిన మోడ్ గుర్తుంచుకుంటుందా. ప్రతి ఉదయం మెనూలోకి దూరి వెతుక్కోవాల్సి వస్తే నాలుగు రోజులకు ఎవడికైనా విసుగొస్తుంది.

నీ భయాలు నావి కూడా, కాదనను. ఇవి కూడా షాకులే, ఏదో ఒకనాడు కారతాయి. కారితే మళ్ళీ ఆ ఖరీదైనవే కొనాలి. మామూలువి బిగిస్తే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతూ కూర్చుంటుంది, దాన్ని ఆర్పడానికి కోడింగ్ మార్చాలి, లేదా కంప్యూటర్‌ను నమ్మించే మాడ్యూల్ పెట్టాలి. నీలాగా కిందికి దించుదామంటే ఎత్తు సెన్సర్లు మళ్ళీ సరిచూసుకోవాలి. అందుకే వారంటీ పొడిగించుకున్నాను. అంతా నున్నటి రోడ్లే ఉండి, కారును పదేళ్ళు వాడేవాడికి నేను మామూలు సస్పెన్షనే చెబుతాను. ట్రాక్‌కు వెళ్ళే నీకు కాయిలోవర్లే (స్ప్రింగూ షాకూ ఒకటిగా ఉండి, చేత్తో సర్దుకునేవి) సరి. రోజూ ఆఫీసుకూ, స్కూలుకూ వెళ్తూ, ఆదివారం పొద్దున ఒక్కడే రోడ్డెక్కే నాలాంటి వాడికి మాత్రం ఇదే. ఆప్షన్ల పుస్తకంలో ఇంకేదైనా కొట్టెయ్యి, దీన్ని ఉంచు. పెద్ద చక్రాలు మాత్రం ముందు కొట్టెయ్యి.

అన్నట్టు టైర్ల సంగతి రాయనేలేదు. కంపెనీ నుంచి రన్‌ఫ్లాట్‌లు, అదే, గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు, వస్తాయేమోనని అనుమానంగా ఉంది. వాటి పక్కగోడ రాయిలా ఉంటుంది, ఇంత కష్టపడి 18 తీసుకుని అవి తగిలించుకుంటే... దీని మీద నీ సలహా కావాలి, వెంటనే రాయి. చెల్లెమ్మను అడిగానని చెప్పు. కింద హారన్ కొడుతున్నారు, మా మేనేజరు కారులో మీటింగుకు పోవాలి, ఆయన ఒక్క నిమిషం కూడా ఆగే రకం కా